నొక్కి చూడని గింజలు

విత్తన పరీక్ష ల్యాబ్‌లో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరైనవాణ్ణి నేను. రైతు చేతికి వెళ్ళే గింజ మొలుస్తుందా లేదా అని ముందే చెప్పడం మా ఉద్యోగం. నాలుగు వందల గింజలు లెక్కపెట్టి, తడి బ్లాటింగ్ పేపర్ మీద వరసగా పేర్చి, వెచ్చటి పెట్టెలో పెట్టి, రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం. పెద్ద సాహసాలేమీ లేని కొలువు. అయినా ఇప్పుడు చెప్పబోయేది ఆ కొలువులో జరిగి, ఇప్పటికీ నన్ను వదలకుండా వెంటాడుతున్న సంగతి. కొత్తగా ఇలాంటి ఉద్యోగాల్లో చేరిన పిల్లలు చదువుతారనే ఆశతో రాస్తున్నాను. చదివి నన్ను తిట్టుకున్నా ఫరవాలేదు.

ఏటా ఎండలు ముదిరే ముందు వ్యవసాయ కాలేజీ పిల్లలు బస్సు వేసుకుని మా ల్యాబ్ చూడ్డానికి వచ్చేవాళ్ళు. వాళ్ళొచ్చిన రోజు నాకు పండగ. ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందే సిద్ధంగా ఉండేవాణ్ణి. నా టేబుల్ సొరుగులో ఒక గ్రానైటు ముక్క ఉండేది, మార్టూరు వైపు పాలిష్ యూనిట్ల దగ్గర రోడ్డు పక్కన ఏరుకున్నది, పత్తిగింజంత ఉంటుంది. ఒక అరచేతిలో ఆ ముక్క, రెండో అరచేతిలో పత్తిగింజ పెట్టుకుని పిల్లల ముందు చాపేవాణ్ణి.

"వీటిలో ఏది బతికుంది?"

"గింజండి," అనేవాళ్ళు అందరూ ఒక్కసారి.

"ఎట్లా చెప్పగలరు? కదులుతోందా? తింటోందా? పెరుగుతోందా? పిలిస్తే పలుకుతోందా?"

అప్పుడు నేను గొంతు సవరించుకునేవాణ్ణి. గింజ ఊపిరి తీస్తోందనీ, మనకు తెలియనంత మెల్లగా తీస్తోందనీ, లోపల దాచుకున్న తిండిని ఇసుమంత ఇసుమంత ఖర్చు పెట్టుకుంటూ అదను కోసం కూర్చుందనీ చెప్పేవాణ్ణి. రాయి దేనికోసమూ కూర్చోలేదు, అదే తేడా అనేవాణ్ణి. కొన్ని గింజలు కోసి మందునీళ్ళలో నానబెట్టి చూపించేవాణ్ణి. ఊపిరి ఉన్న గింజ ఎర్రబడుతుంది, లేనిది తెల్లగా ఉండిపోతుంది. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. మా ఆఫీసరు గారు తలుపు దగ్గర నిలబడి, "మా వాడు మాటకారి," అని నవ్వేవారు.

ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. నాకు ఏం తెలుసో మీకు ముందే తెలియాలని చెబుతున్నాను. తెలియక చేసిన తప్పయితే ఇంత సిగ్గు ఉండేది కాదు.

తొంభైల చివర్లో ఒక సంవత్సరం. అంతకుముందు సీజన్లో నాసిరకం విత్తనాలు వేసి మా వైపు చాలామంది దెబ్బతిన్నారు. పత్తి పూత నిలవలేదు, మిరప నారు మడిలోనే మాడిపోయింది. రోడ్ల మీద ధర్నాలు జరిగాయి. దాంతో పై నుంచి గట్టి హుకుం వచ్చింది. కొట్లలోనివే కాదు, ఊళ్ళో పదిమందికి గింజలిచ్చే రైతు ఇంట్లోవి కూడా శాంపిల్ తీసి పరీక్ష చేయించమన్నారు. మా ల్యాబ్‌లో గుడ్డ సంచులు గుట్టలు పడ్డాయి. బల్లలు చాలక వరండాలో కూడా పేర్చాం. కరెంటు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. మేం ముగ్గురం ఆ గుట్టల మధ్య కూర్చుని గింజలు లెక్కపెడుతూ ఉండేవాళ్ళం.

శాంపిల్ మీద రైతు పేరు ఉండదు, నెంబరే ఉంటుంది. ఆ నెంబర్లలో ఒకటి మిరప, పర్చూరు అవతల ఒక పల్లెనుంచి వచ్చిందని తర్వాత తెలిసింది. నల్లరేగడి ఊరు. గింజ చూస్తే బంగారు రంగులో నిగనిగలాడుతోంది, తాలు లేదు, పుల్ల లేదు, ఎవరో వేళ్ళతో ఏరి పెట్టినట్టుంది. అప్పుడే కాయ నుంచి తీసిన వాసన కూడా ఉంది. ఆ వాసన నా ముక్కుకి తగిలింది. తగిలినా నేను దాన్ని పట్టించుకోలేదు.

మిరపకి పద్నాలుగు రోజుల గడువు. ఆ గడువులో నూటికి అరవై గింజలైనా మొలవాలి. అవి మొలిచింది నూటికి ఇరవై మూడు.

ఇక్కడ మా పద్ధతి కొంచెం చెప్పాలి. మొలవని గింజ అంటే చచ్చిన గింజ అని కాదు. రిపోర్టు కాగితంలో దానికి వేరువేరు గళ్ళు ఉంటాయి. కొత్తగా తీసిన మిరపగింజ కొన్ని వారాలు నిద్రపోతుంది. నీళ్ళు పోసినా, వెచ్చగా పెట్టినా లేవదు, దాని టైము వచ్చాక లేస్తుంది. అలాంటివాటిని 'మొలవని తాజా గింజలు' అనే గడిలో రాసి, నిద్ర లేపే మందునీళ్ళు పోసి మళ్ళీ పరీక్ష పెట్టాలి. నిజంగా చచ్చినవాటికే చివరి గడి. రెండిటికీ తేడా తెలుసుకోవడం బ్రహ్మవిద్యేమీ కాదు. చిన్న పట్టకారుతో గింజని నొక్కాలి. చచ్చినదైతే మెత్తగా చితికి లోపల్నుంచి చీములాంటిది వస్తుంది. బతికున్నదైతే గట్టిగా నిలబడుతుంది. నాలుగు పేపర్లకీ కలిపి పది నిమిషాల పని.

సరిగ్గా ఆ పద్నాలుగో రోజునే కాలేజీ బస్సు వచ్చింది. రాయీ గింజా ప్రదర్శన అయిపోయింది, చప్పట్లూ అయ్యాయి. నాకు ఊపు మీద ఊపు వచ్చింది. బల్ల మీదున్న ఆ మిరప పేపరు ఎత్తి పట్టుకుని, "ఇదిగో, ఇందాక బతికున్నది చూశారు, ఇప్పుడు చచ్చినది చూడండి," అన్నాను.

ముందు వరసలో ఒక అమ్మాయి, కళ్ళజోడు పెట్టుకున్న పిల్ల, చెయ్యెత్తింది. "సార్, చచ్చాయని ఎలా తెలుస్తుంది? నొక్కి చూడాలి కదండీ?"

పుస్తకంలో చదువుకుని వచ్చిన పిల్ల. సరిగ్గా అడగాల్సిన ప్రశ్న అడిగింది. నేనేం చేయాలి? సరే చూద్దాం రామ్మా అని పట్టకారు ఆ పిల్ల చేతికే ఇవ్వాలి. దానికి బదులు నేను నవ్వాను. "ఇరవై ఏళ్ళ కన్ను తల్లీ ఇది. నువ్వు పట్టకారుతో చూసేది నేను చూపుతో చూస్తా," అన్నాను. పిల్లలంతా గొల్లుమన్నారు. ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది, తల దించుకుంది. నేను వాళ్ళ కళ్ళముందే పెన్ను తీసి, చివరి గడిలో డెబ్బై ఏడు అని వేసి, ఆ అంకె చుట్టూ సున్నా చుట్టి సంతకం పెట్టాను. సంతకం కింద గీత కూడా గీశాను, నాకు అదో అలవాటు.

పది రోజులు గడిచాయి. మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కుంటుంటే వరండాలో ఒక పెద్దాయన కనిపించాడు. అరవై ఏళ్ళు ఉంటాయి. గళ్ళ లుంగీ, తెల్ల చొక్కా, నెత్తిన టోపీ. చెప్పులు మెట్ల కిందే విడిచి వచ్చాడు. చేతిలో మా రిపోర్టు, నాలుగు మడతలు పెట్టి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఉంది. ఆ కాగితం మీదున్న నెంబరు చూడగానే ఏ శాంపిలో నాకు తెలిసింది. ఆ వైపు వాళ్ళు ఆయన్ని సాయిబు గారనే పిలుస్తారట, నేనూ అలాగే పిలిచాను.

"ఏం కావాలి సాయిబు గారూ?"

"ఏం లేదు సార్. ఈ కాయితం మండలం ఆఫీసులో ఇచ్చారు. మా గింజలు చచ్చిపోయినయ్యంట గదా. అంటే ఏందో కనుక్కుందామని వచ్చా."

కొట్లాటకి వచ్చాడనుకుని నేను ముందే ముఖం ముడుచుకున్నాను. తీరా చూస్తే ఆయన నిజంగానే కనుక్కోవడానికి వచ్చాడు. కూర్చోమంటే ముందు వద్దన్నాడు, రెండోసారి అంటే కుర్చీ అంచున కూర్చున్నాడు. తన సంగతి చెప్పుకొచ్చాడు. వాళ్ళ నాయన కాలం నుంచీ ఒకటే రకం మిరప వేస్తున్నారు. దానికి పేరంటూ లేదు, చుట్టుపక్కల ఊళ్ళలో సాయిబు కాయ అంటారు. తోలు మందం, రంగు ఎక్కువ, వానలు లేకపోయినా నిలబడే చెట్టు. పండుమిరప పచ్చడికి దాన్నే అడుగుతారు. ఏటా చేలో మంచి చెట్లు చూసుకుని గుడ్డ పీలికలు కట్టుకుంటాడు. వాటి కాయలు విడిగా కోసి, నీడలో ఆరబెట్టి, భార్యా తనూ కూర్చుని గింజలు తీస్తారు. అడిగినవాళ్ళకి ఇస్తాడు.

"ఈ ఏడు సర్కారు వాళ్ళొచ్చి గింజలు చూస్తామన్నారు. మంచిదే గదా, వాళ్ళు కూడా బాగుందంటే మనకీ ధైర్యం అని నేనే దోసిలితో పోశా," అన్నాడు. "ఇప్పుడు మొత్తం పారబోయాలన్నారు. ఒక తేదీ ఏస్తారంట. అది సరేలెండి. చచ్చిన గింజ ఎట్టుంటదో ఒక్కసారి చెబుతారా? నా కంటికి అన్నీ ఒకే మాదిరి ఉన్నయ్."

ఆయన అడిగినదానికి జవాబు పది నిమిషాల పనే. ఇంటి దగ్గర్నుంచి పిడికెడు గింజలు తెమ్మని, ఆయన ముందే నొక్కి చూపిస్తే అయిపోయేది. కొత్త గింజలు కదా, ఇంకో నెల ఆగి చూద్దాం అంటే కూడా అయిపోయేది. ఎప్పుడు తీశారండి అని ఒక్క ముక్క అడిగినా చాలు. నేను సొరుగు లాగి రాయి తీశాను. కాలేజీ పిల్లలకి చెప్పిన పాఠమంతా ఆయనకీ చెప్పాను. ఊపిరి, దాచుకున్న తిండి, అదను కోసం కూర్చోవడం, అన్నీ. ఆఖర్న, "మీ గింజలిప్పుడు గింజలు కావు సాయిబు గారూ. ఈ రాయితో సమానం. మీరు నీడలో ఆరబెట్టడంలో ఎక్కడో తేమ తగిలుంటుంది," అన్నాను. ఆ తేమ మాట నేను అప్పటికప్పుడు అల్లిందే.

ఆయన శ్రద్ధగా విన్నాడు. రాయి చేతిలోకి తీసుకుని తిప్పి చూసి మళ్ళీ బల్ల మీద పెట్టాడు. "తేమ తగిలుండొచ్చండి," అన్నాడు. "ఈసారి కాయ తియ్యటం కాస్త ఆలస్యమైంది. మా తప్పే అయ్యుంటది." దణ్ణం పెట్టి, మెట్లు దిగి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. నేను చేతులు దులుపుకుని కరెంటు వచ్చిందో లేదో చూడ్డానికి లోపలికి వెళ్ళాను.

మా ల్యాబ్ వెనక గాజు పళ్ళాలు కడిగే కుళాయి ఉండేది. పరీక్ష అయిపోయిన పేపర్లు, గింజలతో సహా, ఆ కుళాయి పక్కన గోడ నీడలో పారబోసేవాళ్ళు. ఆ పళ్ళాలు కడిగేది మా అటెండరు, యాభై దాటిన ఆడమనిషి, ఎవరికీ భయపడే రకం కాదు. మే నెలలో ఒక పెద్ద వాన పడి నాలుగు రోజులు చల్లబడింది. ఆ తర్వాత వారానికి, ఒక పొద్దున, ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"సార్, మీ చచ్చినోళ్ళు లేచారు. వచ్చి సూడండి," అంది.

పరాచికాలనుకుంటూ వెళ్ళాను. కుళాయి నీళ్ళు పారే చోట, గోడ వారన, చిన్న చాపంత మేర పచ్చగా మిరప నారు. రెండేసి ఆకులు. కొన్నిటికి గింజ పొట్టు ఇంకా ఆకు కొసన అంటుకునే ఉంది. నారు కింద మా బ్లాటింగ్ పేపరు నానిపోయి ఉంది గానీ, మూలన పెన్సిల్‌తో రాసిన నెంబరు స్పష్టంగా కనిపిస్తోంది. నా చేతిరాతే. నేను చచ్చాయని సంతకం పెట్టిన గింజలే అవి. చెత్తకుప్పకి నాలాగా తొందర లేదు కాబట్టి అది వాటిని లేవనిచ్చింది.

సాయిబు గారి గింజలు పారబోసే తేదీ నాకు తెలుసు. మాకూ కాపీ వచ్చింది. అది ఎల్లుండి.

రెండు రోజులు ఉన్నాయి. మండలం ఆఫీసుకి ఫోన్ ఉంది. మా ఆఫీసరు గారి గది పది అడుగుల దూరం. నేను ఆ గదిలోకి వెళ్ళాను కూడా.

"సార్, ఒకవేళ ఒక రిపోర్టు తిరగరాయాల్సి వస్తే కుదురుతుందాండి?"

ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని చూశారు. "ఎందుకు కుదరదయ్యా? కారణం రాసి, రెండో రిపోర్టు పంపిస్తాం. పరీక్షన్నాక పొరపాట్లు రావా? ఏం, ఏదైనా ఉందా?"

ఆ తలుపు అంత బార్లా తెరిచి ఉంది. ఎవరూ నన్ను బెదిరించలేదు, ఎవరూ నా నోరు నొక్కలేదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి కథల్లో ఎప్పుడూ ఒక చెడ్డ ఆఫీసరు ఉంటాడు, తప్పంతా ఆయన నెత్తిన పోయొచ్చు. మా ఆఫీసరు మంచివారు. కానీ ఆ వారాంతంలో హైదరాబాదు నుంచి ఇన్‌స్పెక్షన్ టీము వస్తోంది. వాళ్ళ ముందు ల్యాబ్ పని వివరించేది నేను. ఇరవై ఏళ్ళ కన్ను అని ఆఫీసరు గారు వాళ్ళకి ముందే నా గురించి గొప్పగా చెప్పి ఉంచారు. కారణం రాయాలంటే ఏమని రాయాలి? కాలేజీ పిల్లల ముందు ఫోజు కొట్టడానికి నొక్కి చూడలేదని రాయాలి. ఆ కాగితం మీద నా సంతకం మళ్ళీ పెట్టాలి.

"లేదండి, ఊరికే అడిగాను," అని బయటికి వచ్చేశాను.

నేరుగా వెనక్కి వెళ్ళి అటెండరుతో, "ఇన్‌స్పెక్షన్ ఉందిగా, ఈ చెత్తంతా తీయించు. ఆ మొక్కలు కూడా పీకెయ్యి," అన్నాను. వీలైనంత మామూలుగా అన్నాననుకున్నాను.

ఆమె పళ్ళెం కడగడం ఆపింది. "చెత్త తీస్తా సార్. మొక్కలు నేను పీకను. నా చేతులకి రాదు. మీకు కావాలంటే మీరే పీకండి," అంది. మళ్ళీ కుళాయి తిప్పుకుని నాకు వీపు పెట్టి కడుక్కోసాగింది.

నేను ప్యాంటు మడిచి గొంతుక్కూర్చున్నాను. ఒక్కో మొక్కా పీకడం మొదలుపెట్టాను. లేత నారు, వేళ్ళు తగిలితే చాలు ఊడి వస్తోంది. అలవాటు ఎంత చెడ్డదో చూడండి, పీకుతూ పీకుతూ నేను లెక్కపెట్టాను. అప్పటికి ఇరవై ఏళ్ళలో మొలిచిన మొక్కని లెక్కపెట్టకుండా ముట్టుకోలేదు మరి. రెండు వందల పద్దెనిమిది. ముందు మొలిచినవి తొంభై రెండు. కలిపితే నాలుగు వందలకి మూడు వందల పది. మనసులోనే భాగించాను. నూటికి డెబ్బై ఏడున్నర. ఆ ఏడాది మా ల్యాబ్‌కి వచ్చిన మిరపలో అంత బాగా మొలిచిన శాంపిల్ ఇంకోటి లేదు. కుళాయి తొట్టి సందులో ఒక మొక్క మిగిలితే వేలు పెట్టి దాన్ని కూడా లాగాను. అన్నీ పేపర్లో చుట్టి చెత్త బండిలో వేశాను. చేతులు సబ్బుతో కడుక్కున్నాను. ఆమె అంతసేపూ ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

ఇన్‌స్పెక్షన్ బాగా జరిగింది. టీములో పెద్దాయన నా భుజం తట్టాడు. ఎల్లుండి అన్న రోజు ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో నాకు తెలియనట్టే నడుచుకున్నాను.

ఆ తర్వాత ఏం జరిగిందంటే, ఏమీ జరగలేదు. ప్రమోషన్ వచ్చింది. అటెండరు రిటైరై వెళ్ళిపోయింది. వెళ్ళేముందు అందరికీ చెప్పి, నాకు మాత్రం చెప్పలేదు. మా జిల్లాలో మిరప రకాలన్నీ మారిపోయాయి, రంగురంగుల ప్యాకెట్లలో హైబ్రిడ్లు వచ్చాయి. కాలేజీ పిల్లలు వస్తూనే ఉన్నారు. వాళ్ళకి పాఠం చెప్పే పని నేను ఇంకొకరికి అప్పగించాను. గొంతు నొప్పి అన్నాను. నిజానికి ప్రాణం ఉన్నదానికీ లేనిదానికీ తేడా ఏమిటని అడగాలంటే నోరు పెగిలేది కాదు. ఆ పాఠంలో నేను ఎన్నడూ చెప్పని ముక్క ఒకటి ఉంది. రాయిని ఎవరూ చంపలేరు. గింజని చంపొచ్చు, దానికి గొడ్డలి కూడా అక్కర్లేదు, ఒక సంతకం చాలు.

రిటైరైన ఏడాది, నార్లు పోసే రోజుల్లో, ఒక పొద్దున పర్చూరు బస్సు ఎక్కాను. అక్కణ్ణుంచి ఆటోలో ఆ పల్లెకి వెళ్ళాను. సాయిబు గారి ఇల్లు ఎక్కడని అడిగితే ఒకరు వేలు చూపించారు. ఆయన వాకిట్లో నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటాయి, చూపు కొంచెం తగ్గింది. నేను ఎవరో చెప్పుకోబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"గుర్తున్నారండి. ల్యాబ్ సార్ గదా మీరు. ఆ రోజు నన్ను కుర్చీలో కూచోబెట్టి అంత ఓపిగ్గా చెప్పారు. ఇంటికొచ్చి మా ఇంటామెతో అన్నా, అంత చదివినాయన, కాస్తయినా గర్వం లేదు అని. ఏమే, టీ పెట్టు, సారొచ్చారు!"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన పెట్టిన కుర్చీలో కూర్చున్నాను గానీ ఆయన ముఖం వంక చూడలేకపోయాను. ఇప్పుడు ఏం వేస్తున్నారని అడిగాను. అందరిలాగే హైబ్రిడ్ అన్నాడు. నారు కూడా తను పోయడం లేదట, బయట ట్రేలలో పెంచినది కొనుక్కొచ్చి నాటుతున్నారట.

"మీ పాత రకం కొంచెం కూడా మిగల్లేదా?" అన్నాను. నా ఆశ అంతా ఆ ప్రశ్న మీదే ఉంది. రైతు ఎవరైనా ఒక పిడికెడు ఎక్కడో దాస్తాడు కదా.

"మిగిలిందండి," అన్నాడు. "ఒక చారెడు మా ఇంటామె సొరబుర్రలో పోసి అటక మీద పెట్టింది. సర్కారు వాళ్ళు గొయ్యి తీసి గింజలు పోసి సున్నం నీళ్ళు కొడుతుంటే నాకు గుర్తొచ్చింది. నేనే పోయి తెచ్చి అందులో పోశా. ఆమె వద్దంటే వద్దంది, నా చెయ్యి కూడా పట్టుకుంది. నేను ఇన్లా. చచ్చిన గింజ ఇంట్లో ఎందుకండి? రేపెవరో వచ్చి సాయిబు గారూ గింజలియ్యండి అంటే నేను కాదనలేను. ఇస్తా. పాపం వాళ్ళ మడి పోద్ది. మీరు అంత వివరంగా చెప్పినాక కూడా నేను దాచుకుంటే తప్పు గదండీ."

ఆయన వేళ్ళకి ఆ గింజల సంగతి నాకన్నా ఎక్కువ తెలుసు. ఆ వేళ్ళ మాట పక్కన పెట్టి నా సంతకం మాట విన్నాడు. నేను వెళ్ళింది క్షమించమని అడగడానికి. ఆ మాట ఇక అడిగేందుకు నాకు ముఖం చెల్లలేదు. చెప్పాల్సింది మాత్రం చెప్పేశాను. నొక్కి చూడలేదని చెప్పాను. తేమ తగలడం అబద్ధమని, ఆయన తప్పేమీ లేదని చెప్పాను. పారబోసే తేదీకి రెండు రోజుల ముందు మా కుళాయి దగ్గర ఆ గింజలు లేచాయనీ, చూసి కూడా ఫోన్ చేయలేదనీ చెప్పాను. నేల వంక చూస్తూ ఒక్క గుక్కలో చెప్పాను.

తిడతాడని ఎదురుచూశాను. కొట్టినా పడదామని ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే అనుకున్నాను. ఆయన మంచం మీద ముందుకి వంగాడు.

"మొలిచినయ్యా?" అన్నాడు.

"మొలిచాయండి."

"ఎన్ని మొలిచినయ్?"

"నూటికి డెబ్బై ఏడున్నర."

ఆయన ఇంటి వైపు తిరిగి గట్టిగా కేకేశాడు. "ఏమే, ఇంటున్నావా? మన గింజలు చావలేదంట! డెబ్బై ఏడున్నర మొలిచినయ్యంట, సార్ చెబుతున్నారు!"

ఆమె టీ గ్లాసులు పట్టుకుని గడప దగ్గరే నిలబడిపోయింది. "నేను ఆ రోజే మొత్తుకున్నా," అంది ఆయనతో. నా వైపు చూడలేదు.

ఆయన మాత్రం నవ్వుతున్నాడు. చాలా ఏళ్ళుగా తన మీద ఉన్న నిందేదో పోయినట్టు, చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. తన నీడపట్టు పద్ధతి సరైనదేనని, తన నాయన నేర్పింది తప్పు కాదని ఆమెతో రెండు మూడుసార్లు అన్నాడు. తర్వాత నా మోకాలి మీద చెయ్యి వేసి దగ్గరికి జరిగాడు.

"అయితే ఆ నారు ఎక్కడ నాటారండి? ఎవరికిచ్చారు? ఏ ఊళ్ళో ఉందది ఇప్పుడు?"

ఆ ప్రశ్నకి నేను సిద్ధపడి రాలేదు.

"పీకేశానండి," అన్నాను.

"అన్నీనా?"

"అన్నీ."

ఆయన నవ్వు వెంటనే పోలేదు. ముఖం మీంచి అది మొత్తం పోవడానికి కొంతసేపు పట్టింది. నా మోకాలి మీద చెయ్యి అలాగే ఉంది, దాన్ని తీయడం ఆయనకి గుర్తు లేదు. ఆ కాసేపూ నేను ఆయన ముఖం వంకే చూస్తూ కూర్చున్నాను.